శిక్షకాగ్రణి సయ్యద్ అబ్దుల్ రహీమ్

ప్రభుత్వోద్యోగికి విరమణ దినము నియమావళియందే నిర్ణయింపబడి యుండును. ఆ దినము వచ్చినప్పుడు పైయధికారి ఎవ్వరి మనస్సును నొప్పింపవలసిన పని లేదు. కాలమే ఆ కార్యమును నిర్వహించును. ఆటగాని విషయమున అట్టి నియమము లేదు. నిన్నటి విజయమునకు కారకుడైన వానికి, నేడు అతని స్థానము వేరొక యువకునకు చెందవలెనని ఎవరో యొకరు తెలుపక తప్పదు. ఆ భారము చాలవరకు శిక్షకునిపై పడును. తెలిపినచో కృతఘ్నుడను నింద వచ్చును; తెలుపకున్నచో జట్టు క్షీణించును. ఈ సంకటమును పలుమారు ఎదుర్కొని, భారత ఫుట్‌బాల్ జట్టునకు ఆసియా క్రీడలలో రెండు స్వర్ణపతకములు చేకూర్చిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

రహీమ్ 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించెను. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసెను. అనంతరము వ్యాయామ విద్యయందును శిక్షణ పొందెను. యౌవనమున ఆయనయు ఫుట్‌బాల్ ఆడినవాడే. కాని ఆయన పేరు నిలిచినది ఆటగానిగా కాదు, గురువుగా. బడిపంతులునకు సహజమైన ఒక గుణము ఆయనయందు కడవరకు నిలిచెను. ఏటేట పాత విద్యార్థులు వెడలిపోవుదురు, క్రొత్తవారు వచ్చి కూర్చుందురు. వెడలినవారిపై ప్రేమ తగ్గదు, వచ్చినవారికి పాఠము ఆగదు.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను; మరణపర్యంతము ఆ పదవిలో నుండెను. పిల్లల ఆటను బాగుచేయక పెద్దల జట్టు బాగుపడదని ఆయన తలంచెను. అందులకై వింత పోటీలను ఏర్పరచెను. ఒకదానియందు బంతిని కాలితో త్రిప్పుకొనుచు పరుగెత్తుట నిషిద్ధము. అందినంతనే తోడివానికి అందింపవలెను. మరియొకదానియందు అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలెను. వయస్సునుబట్టి, ఎత్తునుబట్టి వేరువేరు పోటీలు జరిపించెను. ఈ విధముగా నగరమున ఎల్లప్పుడును క్రొత్త ఆటగాండ్రు తయారగుచుండిరి. పాతవారిని పంపవలసి వచ్చినప్పుడు వారి స్థానమున నిలుపదగినవారు సిద్ధముగా నుండుటయే రహీమ్ విధానమునకు పునాది.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1950లో ఢిల్లీ నగరమున జరిగిన డ్యూరాండ్ కప్పు పోటీలో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి దానిని కూడ చేజిక్కించుకొనెను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప ఆ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరుతో 1961లో మరల డ్యూరాండ్ విజేత యయ్యెను.

1951 మార్చి మాసమున ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. శైలేన్ మన్నా నాయకత్వమున రహీమ్ శిక్షణలో మన జట్టు అంతిమ పోటీలో ఇరాన్‌ను 1-0తో ఓడించెను. ఆ గోలు సాధించినవాడు సాహు మేవాలాల్. వెంకటేశ్, అహ్మద్ ఖాన్ మొదలగు ప్రసిద్ధులు ఆ జట్టులో నుండిరి. హైదరాబాదు నుండి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వెళ్లిరి. దేశము వారిని వీరులుగా మన్నించెను.

మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ కీర్తికి పెద్ద దెబ్బ తగిలెను. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో మనవారు ఓడిపోయిరి. మన పక్షమున ఆ ఒక్క గోలు అహ్మద్ ఖాన్ చేసినది. మన ఆటగాండ్రలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి; ఆ చల్లని దేశమున, ఆ గడ్డిపై, బూట్లు ధరించిన ప్రత్యర్థుల యెదుట వారి నేర్పు పనికిరాకపోయెను. తరువాత అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసెను. చిన్ననాటి నుండి పాదముతో బంతి స్పర్శను ఎరిగిన వారికి అది కేవలము చెప్పుల మార్పు కాదు. ఆటనే తిరిగి నేర్చుకొనుట. ఒక తరము ఆటకు అప్పుడు తెరపడనారంభించెను.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టును చూచినచో రహీమ్ చేసిన పని అర్థమగును. మన్నా లేడు, మేవాలాల్ లేడు, వెంకటేశ్ లేడు, అహ్మద్ ఖాన్ లేడు. వారి స్థానములలో పి.కె. బెనర్జీ, నెవిల్ డిసౌజా, తులసీదాస్ బలరామ్ వంటివారు కానవచ్చిరి. నాయకుడు సమర్ బెనర్జీ. అయితే పాతవారినందరిని తుడిచివేయలేదు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ నిలిచిరి. సంవత్సరములు లెక్కించుట గాక, ఆట అవసరమును లెక్కించుట ఆయన పద్ధతి.

బలరామ్ సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన బీద యింటి బాలుడు. అతని ఆటను రహీమ్ గుర్తించెను. కాని అంతదూరము నుండి నగరమునకు వచ్చి అభ్యాసము చేయుటకు అతనియొద్ద పైకము లేదు. అద్దె సైకిలునకు కావలసిన డబ్బును రహీమ్ ఇచ్చి రప్పించెను. 1956, 1957 సంవత్సరములలో హైదరాబాదు వరుసగా సంతోష్ ట్రోఫీని గెలుచుటలో ఆ యువకునకు మంచి భాగము కలదు. పెద్దవానిని తొలగించి పిన్నవానిని నిలుపుట అందరును చూచెదరు. ఆ పిన్నవానిని మైదానమునకు చేర్చుటకై పడిన శ్రమ ఎవ్వరికిని కనబడదు.

మెల్బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. అందు మూడు గోళ్లు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము భారతదేశమే. అచ్చట యుగోస్లావియా చేతిలో 4-1తోను, కాంస్యపతక పోటీలో బల్గేరియా చేతిలో 3-0తోను ఓడి నాలుగవ స్థానము పొందెను. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు చేసిన దేశముతో ఈ మారు ముందుగా గోలు చేసినది మనవారే. మార్పు ఫలించెనని తెలియుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె. బెనర్జీ నాయకుడు. హంగరీతో 2-1, పెరూతో 3-1 తేడాతో ఓడినను, ఫ్రాన్సుతో 1-1గా సరిసమానముగా నిలిచిరి. ఆ జట్టులో రహీమ్ కుమారుడు హకీమ్ కూడ ఉండెను. రెండేండ్ల తరువాత జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టులో హకీమ్ పేరు లేదు. తండ్రి శిక్షకుడగుట కుమారునకు స్థానమును సంపాదింపలేదు. పరుల బిడ్డలను తొలగించు చేయి తన బిడ్డ విషయమున వణకకుండుటచేతనే ఆయన నిర్ణయములకు గౌరవము కలిగెను.

జకార్తాకు వెళ్లునాటికే రహీమ్ దేహమును క్యాన్సర్ వ్యాధి పట్టి పీడించుచుండెను. 1951 నాటి ఆటగాడు ఆ జట్టులో ఒక్కడును లేడు. 1956 నాటివారు తంగరాజ్, పి.కె. బెనర్జీ, బలరామ్ మువ్వురే. నాయకుడు చునీ గోస్వామి. తొలి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. పిదప థాయిలాండును 4-1తో, జపానును 2-0తో, సెమీఫైనలున దక్షిణ వియత్నామును 3-2తో మనవారు గెలిచిరి. రక్షణ పంక్తిలోని జర్నైల్ సింగ్ తలకు గాయమగుటచే, రహీమ్ అతనిని ముందు పంక్తికి మార్చి ఆడించెను. అంతిమ పోటీకి మరియొక నిర్ణయము. జ్వరముచే దూరమైన అనుభవశాలి తంగరాజ్‌ను, మధ్యలో బాగుగానే ఆడిన ప్రద్యోత్ బర్మన్‌కు బదులుగా, గోలు కాచుటకు మరల నిలిపెను. యువకులకు తోడ్పడుట ఆయనకు వ్రతము కాదు. ఆ దినమున ఎవరు తగుదురో వారిని నిలుపుటయే వ్రతము.

1962 సెప్టెంబరు 4వ తేదీన ఆ పోటీ జరిగినది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానీయకుండుటను భారతీయుడైన జి.డి. సోంధీ విమర్శించుటచే, మైదానము నిండిన జనము మనవారికి ప్రతికూలముగా నుండెను. ఆ కోలాహలము నడుమ పి.కె. బెనర్జీ మొదటి గోలు, ముందు పంక్తికి మార్చబడిన జర్నైల్ సింగ్ రెండవ గోలు చేసిరి. కొరియా ఒక్క గోలు మాత్రమే చేయగలిగెను. 2-1తో స్వర్ణపతకము మనకు దక్కెను.

తొమ్మిది మాసములలో, 1963 జూన్ 11వ తేదీన, రహీమ్ కన్ను మూసెను. ఆయన సైకిలు అద్దె యిచ్చి పెంచిన బలరామ్ కూడ ఊపిరితిత్తుల వ్యాధిచే ఆ సంవత్సరమే ఆట విరమించెను. 1964లో ఆసియా కప్పులో మన జట్టు రెండవ స్థానము పొందినది. 1970 ఆసియా క్రీడలలో కాంస్యము లభించినది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో పురుషుల జట్టునకు పతకము రాలేదు.

నాటి ఆటగాండ్రు ఎక్కువమంది పోలీసు, రైల్వే వంటి శాఖలలో ఉద్యోగులు. జట్టును విడిచినను ఉద్యోగము మిగిలెడిది. కాని చప్పట్లు మిగిలెడివి కావు. ఆ లోటును ఏ జీతమును పూడ్పదు. అది ఎరిగియు నిర్ణయము చేయగలుగుట రహీమ్ ధైర్యము. వెడలువాని వెనుక నిలుపదగిన వానిని ముందుగానే సిద్ధముచేయుట ఆయన వివేకము. మొదటిది లేని సంస్థ ముదియును. రెండవది లేని సంస్థ కూలును. ఈ రెంటిని ఒక్క జీవితమున చూపిన ఆ హైదరాబాదు ఉపాధ్యాయుని స్మరించుట, యే కార్యాలయమున ఏ బాధ్యత వహించువారికైనను మేలు చేయును.