సికందర్ సాహెబ్ సమాధి

మన సంఘం సభ్యుల్లో ఢిల్లీ పోస్టింగ్ చేయనివాళ్ళు తక్కువే. కానీ కాశ్మీరీ గేటు దగ్గర ఉన్న సెయింట్ జేమ్స్ చర్చి లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఇంకా తక్కువ. దాన్ని కట్టించింది మనలాంటి ఒక సైనికుడే. ఆయన పేరు కర్నల్ జేమ్స్ స్కిన్నర్.

స్కిన్నర్ 1778లో పుట్టాడు. తండ్రి స్కాట్లాండ్ వాడు, కంపెనీ సైన్యంలో అధికారి. తల్లి రాజపుత్ర స్త్రీ. కూతుళ్ళను బడికి పంపితే పరదా పోయినట్టేనని కుమిలి ఆమె ప్రాణం తీసుకుంది. తల్లి ఈ దేశపు మనిషి కావడంతో కంపెనీ సైన్యంలో ఆయనకు ఆఫీసర్ పదవి దొరకలేదు. సింధియా కొలువులో చేరాడు.

1800లో ఉనియారా యుద్ధంలో గాయపడి, శవాల మధ్య పడిపోయాడు. ఒక పేద స్త్రీ రొట్టె, నీళ్ళు ఇచ్చి ప్రాణం నిలబెట్టింది. బతికి బయటపడితే చర్చి కట్టిస్తానని అక్కడే మొక్కుకున్నాడు.

1803లో కంపెనీతో యుద్ధం రాగానే, తండ్రి తెల్లవాడని మరాఠాలు కూడా తీసేశారు. రెండు వైపులా కాదనిపించుకున్న ఆ మనిషి లార్డ్ లేక్ కింద ఒక రిసాలా నిలబెట్టాడు. పసుపు కోట్ల ఆ రిసాలాయే స్కిన్నర్స్ హార్స్. నేటికీ మన ఆర్మర్డ్ కోర్‌లో ఉంది. జవాన్లు ఆయన్ని సికందర్ సాహెబ్ అనేవారు.

మొక్కు మాత్రం మరచిపోలేదు. 36 ఏళ్ళ తర్వాత, 1836లో చర్చి ప్రారంభమైంది. 1841 డిసెంబరు 4న హాన్సీలో కన్నుమూశాడు. మొదట అక్కడే ఖననం చేసి, 1842 జనవరిలో ఢిల్లీకి తెచ్చి, తాను కట్టించిన చర్చిలోనే సమాధి చేశారు. ఆవరణలో 1835లో హత్యకు గురైన ఆయన మిత్రుడు విలియం ఫ్రేజర్ సమాధి ఉంది. ఉత్తరం వైపు స్కిన్నర్ కుటుంబం వాళ్ళ సమాధులు ఒకచోట ఉన్నాయి.

ఆ రాళ్ళ మీది పేర్లు చదువుతుంటే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన పోయినప్పుడు నేను ఫీల్డ్‌లో ఉన్నాను. లీవ్ దొరికి ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. అస్థికలు గోదావరిలో కలిపాం. వెళ్ళి నిలబడి దణ్ణం పెట్టుకోడానికి నాకంటూ ఒక రాయి లేదు. అందుకే ఆ వేళ అక్కడే కళ్ళు మూసుకుని, నాన్నను, మళ్ళీ ఇంటికి రాని నా తోటి జవాన్లను తలచుకున్నాను.

ఈసారి ఢిల్లీ వెళితే మీరూ అక్కడ రెండు నిమిషాలు నిలబడండి. మీవాళ్ళను తలచుకోండి.

జై హింద్.