అందోల్ నుంచి వియన్నా దాకా మఖ్దూం మొహియుద్దీన్

అందోల్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 వరకు అది మన మెదక్ జిల్లాలోదే. 1908 ఫిబ్రవరి 4న మఖ్దూం మొహియుద్దీన్ పుట్టింది ఆ ఊళ్లోనే. మన ఇళ్లల్లో ఆయన పేరెత్తితే ముందు గజళ్లు గుర్తొస్తాయి. సినిమా పాటలుగా మారిన ఆయన కవితలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆయన జీవితంలో చాలా భాగం గడిచింది ముషాయిరాల్లో కాదు, కార్మికుల మధ్యనే.

మఖ్దూం చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. చాచా ఇంట్లో, దీనీ వాతావరణంలో పెరిగారు. రష్యాలో విప్లవం వచ్చిందని, అక్కడ ఉన్నోళ్లూ లేనోళ్లూ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని తింటున్నారని చాచా చెప్పగా విన్నారంటారు. ఆ మాట పిల్లాడి మనసులో నాటుకుపోయింది.

ఉస్మానియాలో ఎం.ఏ. చదివి సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి కార్మికుల్లోకి వెళ్లిపోయారు. నిజాం పాలనలో సంఘం పెట్టడమంటే మామూలు విషయం కాదు. అయినా 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు మఖ్దూమే. అజ్ఞాతవాసం, జైలు రెండూ చూశారు.

1950ల తొలి సగంలో ఆయన వియన్నా వెళ్లారు. ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య కేంద్ర కార్యాలయం అప్పట్లో అక్కడే ఉండేది. అందులో పనిచేశారు, కొన్ని దేశాలు తిరిగారు. 1945లో పుట్టిన ఆ సమాఖ్య 1949లోనే చీలిపోయింది. బ్రిటన్, అమెరికా సంఘాలు బయటికెళ్లి వేరే సంస్థ పెట్టుకున్నాయి. కార్మికులంతా ఒక్కటే అన్న మాట కూడా పెద్ద దేశాల పంచాయితీలో నలిగిపోయింది. మఖ్దూం సోవియట్ వైపున్న సమాఖ్యలోనే ఉన్నారు.

మరి వియన్నాతో హైదరాబాద్ కూలీకి ఏం లాభం? అక్కడి నుంచి ఎవరూ వచ్చి జీతం పెంచరు. సమ్మె చేయాల్సింది ఇక్కడోళ్లే, పస్తులుండాల్సిందీ ఇక్కడోళ్లే. కానీ ఒకచోట సమ్మె జరిగితే ఇంకో దేశపు సంఘం మద్దతు తెలుపుతుంది, వీలైతే చందా పంపుతుంది. తాము ఒంటరిగా లేమన్న ధైర్యం గేటు ముందు కూర్చున్నోళ్లకు చిన్నదేం కాదు. అదే బాధ్యత వీళ్ల మీదా ఉంటుంది. 1961లో కాంగో నాయకుడు లుముంబా హత్య జరిగినప్పుడు మఖ్దూం మౌనంగా ఉండలేదు, ఆయన మీద కవిత రాశారు. ఎక్కడో ఆఫ్రికాలో జరిగిన జుల్మ్‌ని సొంతింటి బాధగా చూశారు.

తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో ప్రతిపక్ష నేతగా పనిచేశారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. హైదరాబాద్‌లో దఫన్ చేశారు. బిసాత్-ఎ-రక్స్ పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కూడా ఆ ఏడాదే.

గల్ఫ్‌లో పనిచేసే కొడుకుల కోసం ఎదురుచూసే ఇళ్లు ఇవాళ మెదక్‌లో కూడా ఉన్నాయి. పరాయి దేశంలో జీతం ఆగిపోయిన కూలీ కోసం ఇక్కడి సంఘం మాట్లాడాలా వద్దా అన్న ప్రశ్న వస్తే, మఖ్దూం జీవితంలోనే జవాబుంది. దస్తర్‌ఖాన్ పరిచాక, నువ్వు ఏ ఊరోడివని అడగరు.