సర్కారు సీటులో చదివిన శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్

పెళ్ళి ఊరేగింపులో డీజే బాక్సు మోగితే గుండెల మీద ఎవరో చరిచినట్టు ఉంటుంది. కార్ల డిక్కీలో పెట్టే సబ్‌వూఫర్ పెట్టె కూడా అదే జాతి. ఆ పెట్టెకు స్పీకరుతో పాటు ఒక గొట్టం కూడా ఉంటుంది. ఆ గొట్టం ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా తమ్ముళ్ళూ? ఇదే హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు కార్లకు సౌండ్ సిస్టమ్‌లు బిగించి బతుకుతున్న నేను కూడా చాలాకాలం ఆలోచించలేదు. కొలత తప్పి ఒక ఖరీదైన స్పీకరు చింపుకున్నాక, ఆ గొట్టం లెక్క ఎవరిదని వెతికాను. ఒక గొప్ప మనిషి జీవితం దొరికింది. ఆయన పేరు హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్. ఆయన కూడా మనలాగే సర్కారు ఖర్చుతో చదువుకున్నవారే.

హెల్మ్‌హోల్ట్జ్ 1821 ఆగస్టు 31న జర్మన్ల ప్రష్యా రాజ్యంలో, బెర్లిన్ దగ్గరున్న పోట్స్‌డామ్ పట్టణంలో జన్మించారు. తండ్రి బడిపంతులు. నలుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. చిన్నతనంలో ఆరోగ్యం అంతంతమాత్రం. కుడి ఏదో ఎడమ ఏదో చెప్పడానికి కూడా తడబడేవారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని విషయాలు బట్టీ పట్టమంటే ఆయన వల్ల అయ్యేది కాదు. క్లాసులో లాటిన్ పాఠం జరుగుతుంటే, ఈయన బల్ల కింద కాగితం పెట్టుకుని దూరదర్శినిలో కాంతి కిరణాలు ఎలా పోతాయో గీసుకునేవారు.

భౌతికశాస్త్రం చదవాలని ఆయన కోరిక. కానీ ఆ రోజుల్లో ఆ చదువు కూడు పెట్టేది కాదు. చదివించే స్తోమత తండ్రికి లేదు. బెర్లిన్‌లో సైన్యానికి డాక్టర్లను తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. అక్కడ చదువు ఉచితం. బదులుగా ఎనిమిదేళ్ళు సైన్యంలో డాక్టరుగా పనిచేయాలి. తండ్రి ఆ దారి చూపించారు. కోరుకున్న చదువు కాకపోయినా, దొరికిన సీటు వదులుకోకుండా 1838లో హెల్మ్‌హోల్ట్జ్ అందులో చేరారు.

అక్కడ ఆయన ఏం చేశారో మనం గమనించాలి. సంస్థ లైబ్రరీలో పని ఒప్పుకున్నారు. ఆ వంకతో అక్కడున్న ఆయిలర్, బెర్నూలీ వంటి గణిత మేధావుల గ్రంథాలు సొంతంగా చదివేశారు. 1841లో విషజ్వరం వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. సంస్థ విద్యార్థి కాబట్టి వైద్యం ఉచితంగా జరిగింది. ఆ రోజుల్లో ఖర్చు కాకుండా మిగిలిన కొద్దిపాటి డబ్బుతో, కోలుకోగానే ఒక మైక్రోస్కోపు కొనుక్కున్నారు. దానితో నరాలను పరిశీలించి 1842లో డాక్టరు పట్టా సంపాదించారు.

1843లో పోట్స్‌డామ్‌లోనే సైనిక వైద్యుడయ్యారు. ఆ బ్యారక్‌లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని, కప్ప కండరాలు కదిలినప్పుడు వేడి ఎలా పుడుతుందో కొలిచారు. శక్తి నశించదు, రూపం మాత్రమే మారుతుందనే సూత్రానికి 1847లో గణిత రూపం ఇచ్చారు. మేయర్, జౌల్ అనే శాస్త్రవేత్తలు కూడా ఆ సత్యాన్ని వేరే దారుల్లో పట్టుకున్నారు. పేరున్న పత్రిక ఒకటి ఆయన వ్యాసాన్ని తిప్పి పంపితే, చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. ఈనాడు మన సైన్సు పుస్తకాల్లో ఉన్న శక్తి నిత్యత్వ నియమం అదే.

ఆయన ప్రతిభ చూసి ప్రభుత్వం 1848లో గడువుకు ముందే సైన్యం నుంచి విడుదల చేసింది. మరుసటి ఏడే కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యులయ్యారు. నరాల్లో సంకేతం ఎంత వేగంతో పోతుందో కొలిచారు. కంటి లోపలి పొరను చూసే ఆఫ్తాల్మోస్కోపును 1851లో లోకానికి చూపించారు. తరువాత బాన్, హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయాల్లో పనిచేశారు. 1859లో భార్య మరణించారు.

ఆ కాలంలోనే చెవి మీద దృష్టి పెట్టారు. కలగాపులగంగా వచ్చే ధ్వనులను చెవి ఎలా విడదీస్తుంది? అది తెలుసుకోవడానికి బోలు గోళాలు చేయించారు. ఒకవైపు మూతి, రెండోవైపు చెవిలో పెట్టుకునే సన్నని మొన. ప్రతి గోళం తనకు సరిపడిన ఒక్క స్వరానికే గట్టిగా మోగుతుంది. ఈ పరిశోధనలతో 1863లో ఆయన రాసిన గ్రంథం సంగీతాన్నీ సైన్సునూ కలిపింది.

కుళాయి కింద బిందె పెట్టి నింపేటప్పుడు, నీళ్ళు పెరిగేకొద్దీ శబ్దం సన్నబడటం మనందరికీ తెలుసు. లోపల గాలి తగ్గితే స్వరం పెరుగుతుంది. మూతిలోని గాలి ఒక బరువు, లోపలి గాలి ఒక స్ప్రింగు. రెండూ కలిసి ఊగుతాయి. హెల్మ్‌హోల్ట్జ్ గోళంలో జరిగేది ఇదే. సబ్‌వూఫర్ పెట్టెలో జరిగేదీ ఇదే.

స్పీకరు అట్ట ముందుకు తోసినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ఆ వెనక ధ్వని నేరుగా బయటికి వస్తే ముందు ధ్వనిని చంపేస్తుంది. సరైన పెట్టె, సరైన గొట్టం ఉంటే అది తిరగబడి ముందు ధ్వనికి తోడవుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీరు ఆల్బర్ట్ తురాస్ ఈ ఉపాయానికి 1932లో పేటెంటు పొందారు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాని లెక్కలను పూర్తిగా తేల్చారు.

ఉదాహరణకు, స్పీకరూ గొట్టమూ ఆక్రమించే చోటు తీసేశాక 50 లీటర్ల గాలి మిగిలే పెట్టెకు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం పెట్టి, 35 హెర్ట్జ్ దగ్గర మోగించాలంటే గొట్టం పొడవు దాదాపు 31 సెంటీమీటర్లు కావాలి. నేను డిక్కీలో పట్టడం లేదని సగానికి కోశాను. స్వరం 45 దాకా ఎగబాకింది. అంతకన్నా కింది డప్పు దెబ్బ రాగానే స్పీకరు అట్టకు వెనక ఆసరా లేక చిరిగిపోయింది. లెక్క తెలియని చేతికి రంపం ఇస్తే అంతే.

1871లో హెల్మ్‌హోల్ట్జ్ బెర్లిన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. పదిహేడేళ్ళప్పుడు డబ్బు లేక వదిలేసిన చదువుకు యాభయ్యో ఏట గురువై తిరిగొచ్చారు. రేడియో తరంగాలను ప్రయోగంతో నిరూపించిన హెన్రిక్ హెర్ట్జ్ ఆయన శిష్యుడే. హెర్ట్జ్ అని మనం రోజూ పలికే కొలత ఆ శిష్యుడి పేరే. హెల్మ్‌హోల్ట్జ్ 1894 సెప్టెంబరు 8న కన్నుమూశారు.

తమ్ముళ్ళూ, ఆయన కష్టం, మన కష్టం ఒకటి కాదు. ఆయన తండ్రి పంతులు. కులం పేరు చెప్పి ఆయన్ని ఎవరూ దూరంగా కూర్చోబెట్టలేదు. అయినా ఒక మాట మాత్రం మనకు పనికొస్తుంది. ఆయన సర్కారు ఖర్చుతో చదివారు. ఆ సంస్థ లైబ్రరీని వదల్లేదు, చేతిలో పడ్డ నాలుగు డబ్బులను వృథా చేయలేదు. డాక్టరు చదువే ఆయన్ని చెవి దగ్గరికి, చెవి ధ్వని దగ్గరికి, ధ్వని భౌతికశాస్త్రం దగ్గరికి చేర్చింది. మీకు కోరుకున్న గ్రూపు రాకపోయినా నిరాశపడకండి. వచ్చిన సీటులో గట్టిగా కూర్చోండి. హాస్టల్ లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో ఈ రోజే అడిగి తెలుసుకోండి.