దామెర్ల రామారావు గారి నీటిరంగులు

సిలబస్ పూర్తికాలేదంటూ డ్రాయింగు పీరియడును లెక్కలకో సైన్సుకో ఇచ్చేయడం నేను పనిచేసిన బడులన్నిటా చూసిందే. మిగిలిన పీరియడ్లలో ఉరుకుంద పిల్లలకు నేను ఎక్కువసార్లు చెప్పింది దామెర్ల రామారావు గారి కథ. మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది.

ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. చదువు మీద కన్నా బొమ్మల మీదే ధ్యాస. ఆయన అదృష్టం కొద్దీ ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ఉండేవారు. ఆయన కవి, నీటిరంగుల చిత్రకారుడు కూడా. కుర్రవాడి చేతిలో ఏముందో పోల్చుకున్నదీ, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌కు పంపించిందీ ఆయనే. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుని ఒక పిల్లవాడి బొమ్మలు చూడటానికి తీరిక చేసుకోవడం చిన్న సంగతి కాదు.

బొంబాయి చదువు ముగించి రామారావు గారు సొంత ఊరికే తిరిగొచ్చారు. ఋష్యశృంగుడి చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆయన గోదావరి దృశ్యాలే ఎక్కువ ఇష్టం. వైస్రాయి రీడింగ్ కొనుక్కున్నది కూడా ప్రకృతి చిత్రమే.

నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. నది మీద మెరుపు కావాలంటే అక్కడ కుంచె తగలనీయకూడదు. లేత రంగు ముందు, ముదురు తర్వాత. తడి ఆరేలోగా ఆకాశం ముగియాలి. మళ్ళీ రుద్దితే మిగిలేది బురదే. మన వైపు ఎండకు కాగితం ఇంకా తొందరగా ఆరిపోతుంది. అందుకే ఈరన్నస్వామి గుడి దగ్గర స్కెచ్‌లకు పిల్లల్ని పొద్దు పొడవగానే కూర్చోబెట్టేవాణ్ణి. గోదావరి మనకు లేకపోతేనేం, ఆదోని గుండ్ల కొండలున్నాయి, నల్లరేగడి చేలున్నాయి.

రాజమండ్రిలో ఆయన మిత్రులతో కలిసి చిత్రకళా పాఠశాల మొదలుపెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి కన్నుమూశారు. అప్పటికి 28 ఏళ్ళు నిండలేదు. భార్య సత్యవాణి గారూ చిత్రకారిణే. మిత్రులు వరదా వెంకటరత్నం గారు ఆ బడిని నిలబెట్టారు. గురువు కూల్డ్రే అప్పటికే ఇంగ్లండు వెళ్ళిపోయారు. శిష్యుడు పోయాక మరో ముప్పై ఏళ్ళకు పైగా బతికారు.

ఆ చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి. వెలుతురు తగిలే కొద్దీ నీటిరంగులు వెలిసిపోతాయి. అటు వెళ్ళే పని పడితే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి, ఒక పెన్సిలు, తెల్లకాగితాల పుస్తకం కూడా చేతికివ్వండి.