కాలేజీ మెట్లెక్కలేదు.. అయినా శక్తి కొలతకు ఆయన పేరే! ఎవరీ జౌల్?

నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట నియోజకవర్గంలోని ఈగలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం ఉంది. సామర్థ్యం 900 మెగావాట్లు. అంటే సెకనుకు 90 కోట్ల జౌల్స్. పైనుంచి పడే నీళ్ల శక్తే అక్కడ కరెంట్‌గా మారుతుంది. ఇంతకీ ఎవరీ జౌల్?

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబర్ 24న ఇంగ్లండ్‌లోని సాల్ఫోర్డ్‌లో పుట్టారు. వాళ్లది బీరు తయారుచేసే కుటుంబం. యూనివర్సిటీ డిగ్రీ లేదు, ప్రొఫెసర్ ఉద్యోగమూ లేదు. వేడి అనేది ఒక పదార్థమని అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవాళ్లు. జౌల్ మాత్రం ఒప్పుకోలేదు. బరువులు కిందికి దిగుతుంటే నీళ్లలో తెడ్లు తిరిగేలా ఏర్పాటు చేశారు. ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచారు. తేడా డిగ్రీలో చిన్న ముక్కంతే! అంత సన్నటి లెక్కను పెద్దలు నమ్మలేదు. రాయల్ సొసైటీ ఆయన పేపర్లను పక్కనపెట్టింది.

1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో యువ ప్రొఫెసర్ విలియం థామ్సన్ ఆసక్తి చూపడంతో సీన్ మారింది. ఈయనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. 1850లో అదే రాయల్ సొసైటీ జౌల్‌ను సభ్యుడిగా చేర్చుకుంది. 1889 అక్టోబర్ 11న ఆయన కన్నుమూశారు. సమాధి రాయిపై 772.55 అని చెక్కారు. ఒక పౌండు నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి ఎన్ని ఫుట్-పౌండ్ల పని కావాలో ఆయన తేల్చిన అంకె అది.

ఇప్పటి కొలతల్లో ఒక కేలరీ అంటే దాదాపు 4.18 జౌల్స్. మన కరెంట్ బిల్లులో ఒక్క యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్, అంటే సుమారు 860 కిలో కేలరీలు. నష్టం లేకుంటే ఆ ఒక్క యూనిట్‌తో 30 డిగ్రీల నీళ్లను దాదాపు 12 లీటర్లు మరిగే దాకా కాచొచ్చు. నీళ్లు, వేడి, కరెంట్.. మూడింటికీ ఒకే లెక్క. నాడు పెద్దలు నమ్మనిది ఇదే!