రాళ్లను చదివిన వాల్కాట్

రాళ్లు మాటలాడవు. అయినను ఓపికతో పరిశీలించువారికి అవి కోట్ల యేండ్లనాటి కథలను తెలుపును. అట్టి ఓపిక గలవారిలో చార్లెస్ డూలిటిల్ వాల్కాట్ అగ్రగణ్యుడు.

ఆయన 1850వ సంవత్సరము మార్చి 31వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. పసితనముననే తండ్రి మరణించెను. కళాశాలలో చదువు భాగ్యము ఆయనకు లేకపోయెను. ట్రెంటన్ జలపాతము చెంత నొక పొలమున పనిచేయుచు, తీరిక వేళలలో రాళ్లను పగులగొట్టి, ట్రైలోబైట్లను ప్రాచీన సముద్రజీవుల శిలాజములను సేకరించెను. 1873లో హార్వర్డు పండితుడైన లూయీ అగాసీ ఆ సేకరణను కొనెను. 1879లో అమెరికా భూగర్భ పరిశోధన శాఖలో చిన్న ఉద్యోగమున చేరిన వాల్కాట్, 1894లో ఆ శాఖకే అధిపతి అయ్యెను. 1907లో స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శి పదవి లభించెను.

వెన్నెముకగల ప్రాణులు తొలుత ఎప్పుడు పుట్టినవి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఆయన పాత్ర గొప్పది. కొలరాడోలోని ఇసుకరాతిలో లభించిన చేపల కవచపు తునకలను 1892లో ఆయన వర్ణించెను. సుమారు 45 కోట్ల యేండ్లనాటి ఆ దవడలేని చేపలే, నాటికి తెలిసిన సకశేరుకములలో మిక్కిలి ప్రాచీనములు.

1909 ఆగష్టులో కెనడాలోని రాకీ పర్వతములపై, బర్జెస్ కనుమ సమీపమున, ఆయనకు అపూర్వమైన నిధి దొరకెను. సుమారు 51 కోట్ల యేండ్ల క్రిందట సముద్రపు బురద కొన్ని జీవులను హఠాత్తుగా కప్పివేసెను. అందువలన వాని మెత్తని శరీరములు సైతము పలకరాతిపై పలుచని పొరవలె నిలిచినవి. ఆయన పెక్కు వేసవులు అచ్చట త్రవ్వి, 65 వేలకు పైగా శిలాజములను సేకరించెను. 1911లో భార్య రైలు ప్రమాదమున మరణించెను; 1917లో ఒక కుమారుడు ప్రపంచయుద్ధమున నేలకూలెను. అయినను ఆయన పని మానలేదు.

ఆ శిలాజములలో రెండంగుళముల పొడవైన పికాయియా యను చిన్న ప్రాణి యొకటి కలదు. 1911లో వాల్కాట్ దానిని పురుగుగా భావించెను. 1927 ఫిబ్రవరి 9వ తేదీన ఆయన మరణించునాటికి ఎవ్వరును ఆ అభిప్రాయమును మార్చలేదు. 1979లో సైమన్ కాన్వే మారిస్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అవే రాళ్లను మరల పరీక్షించెను. ఆ ప్రాణి దేహమున వరుస కండరములును, కడ్డీవంటి ఆధారపు జాడయు ఉన్నవనియు, అది సకశేరుకములకు దగ్గరి బంధువనియు తెలిపెను. 1999లో చైనాలోని యునాన్ రాష్ట్రమునుండి అంతకంటెను ప్రాచీనమైన చేపవంటి జీవులు వెల్లడియైనవి.

వాల్కాట్ ఊహ పొరపాటైనను, ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. ప్రతి రాతిని భద్రపరచుట చేతనే తరువాతివారు ఆ పొరపాటును దిద్దగలిగిరి. సత్యమును వెదకువాడు తాను కనుగొన్నదానిని రాబోవు తరములకు పదిలముగా అప్పగింపవలెనని ఆయన జీవితము బోధించుచున్నది.