దయ్యాల కథలు రాసిన మాస్టారు

మనం హాస్టల్లో లైట్లు ఆర్పినాక దయ్యాల కథలు చెప్పుకుంటాం కదా. అలాంటి కథలు రాసి పేరు తెచ్చుకున్న ఒకాయన గురించి రాస్తున్నాను.

ఆయన పేరు లఫ్కాడియో హెర్న్. 1850లో, ఇప్పుడు గ్రీసు దేశంలో ఉన్న ఒక దీవిలో పుట్టాడు. అమ్మది గ్రీసు, నాన్నది ఐర్లాండు. చిన్నప్పుడే ఇద్దరూ దూరమయ్యారు. నాన్న తరఫు ముసలావిడ పెంచింది. చీకటంటే ఆయనకు చాలా భయం. 16 ఏళ్లప్పుడు బడిలో ఆడుతుంటే దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. 19 ఏళ్లకు ఒక్కడే అమెరికా వెళ్లి, తర్వాత పత్రికల్లో పనిచేశాడు.

1890లో జపాన్ వెళ్లి మత్సుఎ ఊళ్లో ఇంగ్లీషు మాస్టారయ్యాడు. అక్కడ సెత్సు అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 1896లో జపాన్ పౌరుడై కొయిజుమి యాకుమో అని పేరు మార్చుకున్నాడు.

సెత్సు 11 ఏళ్లకే బడి మానేసి నేతపనికి పోయింది. రాత్రిపూట దీపం తగ్గించి ఆమె కథలు చెప్పేది. పుస్తకం చూసి చదివితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆమె సొంత మాటల్లోనే చెప్పాలి. దయ్యం చెవులు పీకేసిన గుడ్డి పాటగాడు హోయిచి కథ అలా విన్నదే. 1904లో ‘క్వైదాన్’ పుస్తకం వచ్చింది. ఆ ఏడే సెప్టెంబరు 26న ఆయన చనిపోయాడు.

పుస్తకం మీద ఆయన పేరే ఉంది, సెత్సు పేరు లేదు. నాకు అదే బాధనిపించింది. మా అవ్వకు సంతకం రాదు గానీ కోయ భాషలో ఎన్ని కథలు చెప్తదో! సెలవుల్లో అవి రాసుకొస్తాను. పైన మా అవ్వ పేరే పెడతాను.